పాలు చేపే వేళ జాకెట్టు తడవకుండా: నర్సింగ్ ప్యాడ్లను ఎంచుకోవడం ఎలా

కాన్పయిన రెండు నుంచి అయిదు రోజుల్లో ముర్రుపాల దశ దాటి పాలు నిండుగా పడటం మొదలవుతుంది. అప్పటి నుంచి కొన్ని వారాల పాటు చాలామంది బాలింతలకు జాకెట్టో నైటీయో తడవని రోజు ఉండదు. బిడ్డ ఒక రొమ్ము తాగుతుంటే రెండో రొమ్ము నుంచి పాలు కారతాయి. పక్క గదిలో బిడ్డ ఏడిస్తే చేపు వస్తుంది. ఒక్కోసారి పక్కింటి బిడ్డ ఏడ్చినా వస్తుంది. దూడను చూడగానే ఆవు చేపడానికీ, దీనికీ మూలం ఒకటే. ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలై, పాలగ్రంథుల చుట్టూ ఉండే సన్నని కండరాలను బిగించి పాలను బయటికి తోస్తుంది. ఆ హార్మోనుకు కుడి ఎడమల తేడా లేదు కనుక రెండు వైపులా ఒకేసారి పాలు వస్తాయి. ఇందులో సిగ్గుపడవలసిందీ, చికిత్స చేయించుకోవలసిందీ ఏమీ లేదు. కావలసిందల్లా కారిన పాలను బట్టలకు అంటకుండా పీల్చుకునే ఒక మెత్తటి ప్యాడు.

పురిటి సంచి సర్దేటప్పుడే పెద్ద ప్యాకెట్లు కొని ఉంచుకోవడం అంత మంచి పద్ధతి కాదు, ఎందుకంటే ఎవరికి ఎంత కారుతుందో కాన్పుకు ముందు ఎవరూ చెప్పలేరు. ఒక చిన్న ప్యాకెట్టు దగ్గర ఉంచుకుని, పాలు పడ్డాక రెండు మూడు రోజులు గమనించాలి: ఏ వేళలో ఎక్కువ కారుతోంది, నాలుగు చుక్కలతో ఆగుతోందా లేక బట్ట పిండేంతగా తడుస్తోందా, రాత్రి పడుకున్నప్పుడు పక్క దుప్పటి దాకా వస్తోందా అన్నవి తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్టే.

ఇంట్లో ఉండే వేళలకు నూలు గుడ్డ ప్యాడ్లే మేలని నా అభిప్రాయం. మంచి గుడ్డ ప్యాడులో చర్మానికి తగిలే వైపు మెత్తటి నూలు పొర, మధ్యలో తడిని పీల్చే మందపాటి పొర ఉంటాయి. కొన్నింటికి వెనుక వైపు తడి బయటికి రాకుండా ఆపే పాలీయురెథేన్ పొర కూడా ఉంటుంది. ఈ మూడో పొర జాకెట్టును కాపాడుతుంది కానీ గాలిని బాగా తగ్గిస్తుంది. మన మే నెల ఎండల్లో అది రోజంతా ఉంటే పాల తడికి చెమట తోడై చర్మం ఒరుసుకుపోతుంది. కాబట్టి వేసవిలో ఆ పొర లేనివి ఇంట్లో, ఉన్నవి బయటికి వెళ్లినప్పుడు వాడుకోవడం మంచిది. కొనకపోయినా నష్టం లేదు. బాగా ఉతికి నలిగిన పాత నూలు చీరను సుమారు పన్నెండు సెంటీమీటర్ల వెడల్పుతో గుండ్రంగా కత్తిరించి, ఆరేడు మడతలు ఒకదానిపై ఒకటి పేర్చి అంచు కుట్టుకుంటే చక్కని ప్యాడు తయారవుతుంది. కుట్టు ముడి మాత్రం చనుమొన వైపు రాకూడదు.

ఒకసారి వాడి పారవేసే ప్యాడ్లలో, పిల్లల డైపర్లలో ఉండేలాంటి సోడియం పాలీఅక్రిలేట్ పొడి ఉంటుంది. అది పాలను పీల్చి జెల్‌లా మారుతుంది కనుక పై పొర పొడిగా తోస్తుంది. ప్రయాణాలకూ, ఆసుపత్రికి వెళ్లే రోజులకూ, రాత్రి నిద్రకూ ఇవి అనువైనవి. కొనేటప్పుడు ప్యాకెట్టు మీది మాటలను నమ్మడం కన్నా ఒక ప్యాడును ఇంట్లో పరీక్షించడం నయం: రెండు చెంచాల నీళ్లు మధ్యలో పోసి, ఒక నిమిషం ఆగి, పొడి చేతిరుమాలుతో అదిమి చూడండి. రుమాలు తడిస్తే ఆ ప్యాడు మీ చర్మాన్నీ తడిగానే ఉంచుతుంది. అంచు ప్లాస్టిక్కులా గరగరలాడేవీ, సువాసన పూసినవీ వద్దు. వెనుక ఉండే జిగురు పట్టీ బ్రాకు అతికించడానికే తప్ప చర్మానికి కాదు. శానిటరీ న్యాప్కిన్లను కత్తిరించి వాడుకోమని కొందరు సలహా ఇస్తారు. కత్తిరించిన చోటు నుంచి జెల్ పలుకులు రాలి చనుమొనకు అంటుకుంటాయి, కనుక ఆ పని చేయకండి.

సిలికాన్ ప్యాడ్లు పాలను పీల్చవు, చనుమొనను మెల్లగా అదిమి కారకుండా ఆపుతాయి. పట్టుచీర కట్టుకుని రెండు మూడు గంటలు పీటల మీద కూర్చోవలసిన బారసాల వంటి సందర్భాలకు ఇవి బాగుంటాయి. అయితే మొదటి వారాల్లో, పాల రాక ఇంకా కుదురుకోని రోజుల్లో, గంటల తరబడి అదిమి ఉంచితే పాలు లోపలే నిలిచి గడ్డకట్టే అవకాశం ఉంది. అలాంటి ఒత్తిడి ఏ రకం ప్యాడుతోనూ, బిగుతు బ్రాతోనూ రాకూడదు.

ఏ రకాన్ని ఎంచుకున్నా అసలు ఫలితం మార్చడంలో ఉంది. పాలిచ్చిన ప్రతిసారీ ప్యాడును చూసి, తడిగా ఉంటే వెంటనే మార్చాలి. ఎక్కువ పీల్చుకునే ప్యాడు కొన్నాం కదా అని రోజంతా అదే ఉంచుకుంటే చనుమొన చర్మం నాని పగుళ్లు వస్తాయి, ఫంగస్ పెరుగుతుంది. రోజుకు నాలుగైదు జతలు మార్చేవారికి, ఉతికి ఆరే సమయం కలుపుకుంటే, పది జతల గుడ్డ ప్యాడ్లు సరిపోతాయి. వానాకాలంలో మరో రెండు మూడు జతలు కావాలి. ముందు చన్నీళ్లలో జాడించి, ఆ తరువాత తేలికపాటి సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. మెత్తదనం కోసం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే గుడ్డ తడిని పీల్చడం మానేస్తుంది. గంజి సంగతి చెప్పనక్కరలేదు. పాలు ఎండి ప్యాడు చనుమొనకు అతుక్కుంటే లాగకుండా, గోరువెచ్చని నీళ్లతో తడిపి విడదీయాలి.

చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు లభిస్తుంది. ఆ సెలవు ముగిసి ఉద్యోగానికి వెళ్లేనాటికి కారడం చాలామందికి తగ్గే ఉంటుంది, కానీ బిడ్డ తాగే వేళ దాటితే రొమ్ములు నిండి మళ్లీ కారవచ్చు. ప్యాడు కారినదాన్ని పీలుస్తుందే గాని నిండిన రొమ్మును తేలిక చేయదు కనుక, ఆ వేళకు పాలు పిండుకునే వీలు చూసుకోవాలి. సంచిలో రెండు జతల ప్యాడ్లు, తడివి వేసుకోవడానికి జిప్ కవరు, ఒక చున్నీ ఉంటే చాలు. మీటింగు మధ్యలో చేపు వస్తున్నట్టు తోస్తే, చేతులు కట్టుకున్నట్టుగా రొమ్ములపై కొన్ని సెకన్లు గట్టిగా అదిమితే ఆగుతుంది.

రొమ్ము ఎర్రబడి, గట్టిపడి జ్వరం వచ్చినా, ప్యాడుపై రక్తమో చీమో కనిపించినా, చనుమొనలో మంటతో పాటు బిడ్డ నోట్లో తెల్లటి పూత కనిపించినా ప్యాడు మార్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి. నోటిపూత ఉంటే తల్లీబిడ్డలిద్దరికీ చికిత్స అవసరమవుతుంది.

చాలామందికి ఆరు నుంచి పది వారాల మధ్య, పాల రాక బిడ్డ అవసరానికి సరిపడేలా కుదురుకున్నాక, కారడం తగ్గిపోతుంది. కొందరికి మొదటి నుంచీ కారనే కారదు. ప్యాడు పొడిగా ఉండటం చూసి పాలు తగ్గిపోయాయంటూ ఇంట్లో పెద్దవారు డబ్బా పాల మాట ఎత్తితే, బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తోందా, బరువు పెరుగుతోందా అన్నవి వారికి చూపించండి.