కోహాలోకి తెలుగు పుస్తకాలు – 4వ పాఠం: సీఎస్‌వీ ఫైల్ దగ్గర ఏం జరిగింది?

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా మీద చెబుతున్న ఈ పాఠాల్లో, ఈసారి సబ్జెక్ట్ హెడింగ్స్, అంటే పుస్తకం ఏ విషయం మీదో రాసే 650 ఫీల్డు చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి ఇచ్చిన పని చాలామందికి కుదరలేదు. దాన్ని అలాగే వదిలేసి ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

పని ఏమిటంటే, 50 తెలుగు పుస్తకాల వివరాలు ఎక్సెల్‌లో కొట్టి, సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి, మార్క్‌ఎడిట్ అనే ప్రోగ్రామ్‌తో మార్క్ రికార్డులుగా (గ్రంథాలయ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే పుస్తక వివరాలుగా) మార్చి, కోహాలోకి ఎక్కించడం. మీరు పంపిన ఫొటోలు, ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. కోహాలో తప్పు లేదు, మార్క్‌ఎడిట్‌లోనూ లేదు. జరిగినదంతా అంతకుముందే, సీఎస్‌వీ దగ్గరే జరిగింది. ఆ మెట్టు గురించి నేను "సేవ్ యాజ్‌లో సీఎస్‌వీ ఎంచుకోండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఎక్సెల్‌లో ఆ పేరుతో మూడు నాలుగు రకాలు కనిపిస్తాయనీ, వాటిలో ఒకటే మనకు పనికొస్తుందనీ అప్పుడే చెప్పాల్సింది.

ఎంఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో పీజీ) చదివే ఒక అమ్మాయి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది. "మేడమ్, పుస్తకాల పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోయాయి. రెండు రాత్రులు కూర్చుని కొట్టాను. నాకు ఈ టెక్నాలజీ రాదేమో అని టెన్షన్‌గా ఉంది." నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీఏ, బీకాం చేసి లైబ్రరీ సైన్స్‌లో చేరినవాళ్లే. వర్గీకరణ ఇష్టంగా నేర్చుకుంటారు. కంప్యూటర్ దగ్గర ఒక్క పని చెడితే మాత్రం తప్పంతా తమదే అనుకుని వెనక్కి తగ్గుతారు. అమ్మా, ఆ ప్రశ్నార్థకాలకు కారణం నీకు రాకపోవడం కాదు. నేను చెప్పకపోవడం.

ముందుగా, స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో జాగ్రత్తగా చూడండి. "తెలుగు రావట్లేదు" అని అందరూ ఒకే మాట రాశారు కానీ, మీ ఫొటోల్లో నాలుగు వేర్వేరు జబ్బులు ఉన్నాయి.

వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే ఆ ఫైల్‌లో తెలుగు ఇక లేదు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే అది తెలుగును దాచుకోలేని పాత పద్ధతిలో సేవ్ అవుతుంది. తనకు తెలియని ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. దాన్ని బాగుచేయాలని చూడకండి. అసలు ఎక్సెల్ ఫైల్ తెరిచి మళ్లీ సేవ్ చేయండి. అందుకే అసలు ఫైల్‌ను ఎప్పుడూ చెరపొద్దు.

నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు లాంటి చిన్న సున్నా పదే పదే వస్తుంటే కంగారుపడొద్దు. తెలుగు లోపల క్షేమంగా ఉంది, చదివే ప్రోగ్రామే తప్పుగా చదువుతోంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం, అంతే.

నాలుగో రకానికి డీటీపీ చేసినవాళ్లు ఇచ్చిన జాబితాలు కారణం. అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన ఫైల్‌లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. అనుమానం వస్తే ఒక పేరు ఎంచుకుని ఫాంట్‌ను ఏరియల్‌కి మార్చండి. తెలుగు తెలుగుగానే ఉంటే అది యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లు ఇచ్చిన పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం బయటపడితే కన్వర్టర్‌తో మార్చుకోవాలి, ఆ తర్వాత ప్రతి పేరునూ కంటితో చదువుకోవాలి. వత్తుల దగ్గర కన్వర్టర్లు తప్పు చేస్తాయి.

ప్రశ్నార్థకాల గురించి ఒక చిన్న సంగతి. ఆ అమ్మాయి ఫైల్‌లో "తెలుగు" అనే మాట ఉండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. కంటికి కనిపించేవి మూడు అక్షరాలే కదా, ఆరెందుకు? ఎందుకంటే యూనికోడ్‌లో త వేరు, దాని మీది ఎత్వం వేరు. ల ఒకటి, కొమ్ము ఒకటి. గ ఒకటి, కొమ్ము ఒకటి. మొత్తం ఆరు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని అదీ ఆరే. యూనికోడ్ అక్షరాలను ఫైల్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ ఒక్కొక్కదానికీ మూడు బైట్లు పడతాయి. అంటే "తెలుగు" అనే మాటకు 18 బైట్లు. వాటిని పాత పద్ధతిలో బైటుకొక అక్షరంగా చదివితేనే ఆ గీతల ఏ, డిగ్రీ గుర్తుల వరస వస్తుంది. మార్క్ రికార్డు తన పొడవును లెక్కపెట్టుకునేది కూడా బైట్లలోనే.

కాబట్టి ఎక్సెల్‌లో ఎంచుకోవాల్సింది "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని స్పష్టంగా రాసి ఉన్నది. మార్క్‌ఎడిట్‌లో కూడా యూటీఎఫ్-8 అన్నచోట టిక్ పెట్టాలి. రికార్డు లీడర్‌లో (రికార్డు మొట్టమొదట ఉండే వరసలో), సున్నా నుంచి లెక్కపెడితే 9వ స్థానంలో, ఇంగ్లిష్ చిన్న ఏ అక్షరం ఉందో లేదో చూసుకోండి. "ఇది యూనికోడ్ రికార్డు" అని కోహాకి చెప్పేది అదే. నేనైతే ఎక్సెల్ వాడను, లిబ్రెఆఫీస్ కాల్క్ వాడతాను. సేవ్ చేసేటప్పుడు ఏ పద్ధతిలో కావాలో అది అడుగుతుంది, తెరిచేటప్పుడూ అడుగుతుంది. అడిగే ప్రోగ్రామ్ మీద నాకు నమ్మకం ఎక్కువ. మీ కాలేజీలో ఎక్సెల్ ఒక్కటే ఉంటే దానితోనే చేయండి.

ఇప్పుడు అసలు విషయం. సీఎస్‌వీ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయొద్దు.

ఇది ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. మీరు పంపిన ఫైళ్లలో ఎక్కువ భాగం పాడైంది సేవ్ చేసేటప్పుడు కాదు. సరిగ్గా సేవ్ చేశాక, "వచ్చిందో లేదో ఒకసారి చూద్దాం" అని తెరిచినప్పుడు. డబుల్ క్లిక్ చేస్తే సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. ఎక్సెల్ ఆ ఫైల్‌ను ఉన్నది ఉన్నట్టు చూపించదు, తనకు తోచినట్టు అర్థం చేసుకుని చూపిస్తుంది. సీఎస్‌వీలో అక్షరాలు, కామాలు తప్ప మరేమీ ఉండవు. ఎక్సెల్ ఫైల్‌లో మీరు ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చయ్యే అంతర్జాతీయ నంబరు) కాలమ్‌కి "టెక్స్ట్" అని పెట్టిన ఫార్మాట్ ఇందులోకి రాదు. అందుకని 13 అంకెలు కనపడగానే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని కుదించి చూపిస్తుంది.

ఉదాహరణలకు తరచూ వాడే ఐఎస్‌బీఎన్ ఒకటి తీసుకుందాం: 9783161484100. ఇరుకు కాలమ్‌లో ఇది 9.78, పక్కన ఇంగ్లిష్ ఈ అక్షరం, ప్లస్ 12 అని కనిపిస్తుంది. మీరు ఏమీ మార్చలేదు. మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే అలవాటుగా ఎస్ నొక్కారు. స్క్రీన్ మీద కనిపించిన ఆ కుదించిన రూపమే ఫైల్‌లోకి వెళ్లిపోతుంది. మళ్లీ తెరిచి కాలమ్ వెడల్పు చేస్తే, నంబర్ ఫార్మాట్ ఇస్తే 9780000000000 వస్తుంది. మిగతా అంకెలు పోయాయి, ఏ బటన్ నొక్కినా తిరిగి రావు. 978తో మొదలయ్యే పుస్తకాలు ఎన్ని ఉన్నా 9780000000000, 9790000000000 అనే రెండు నంబర్లే మిగులుతాయి. తర్వాతి దఫా ఐఎస్‌బీఎన్‌తో సరిపోల్చి ఎక్కిస్తే కొత్త పుస్తకాలు సంబంధం లేని పాత రికార్డులకు అతుక్కునే ప్రమాదం ఉంది.

ఐఎస్‌బీఎన్ ఒక్కటే అయితే పుస్తకం చూసి మళ్లీ కొట్టుకోవచ్చు. కానీ యాక్సెషన్ నంబర్ (గ్రంథాలయం తన ప్రతి పుస్తకానికీ ఇచ్చుకునే నంబరు) 00417 ఉంటే 417 అవుతుంది. సంపుటాలు 1-2 అని కొడితే తేదీ అయిపోతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక గ్రంథాలయంలో యాక్సెషన్ నంబర్లు వరుస సంఖ్య, గీత, సంవత్సరం పద్ధతిలో ఉండేవి. 3/62 అంటే 1962లో మూడో పుస్తకం. నేను సీఎస్‌వీ తెరిచి, ఒక అక్షరదోషం దిద్ది, సేవ్ చేశాను. 3/62 కాస్తా మార్చి 62 అయింది. 12/85 డిసెంబర్ 85 అయింది. పన్నెండు వరకు ఉన్న వరుస సంఖ్యలే అలా మారతాయి కాబట్టి ప్రతి సంవత్సరంలో మొదటి కొన్ని మాత్రమే చెడ్డాయి, మిగతావి బాగానే కనిపించాయి. అందుకే వెంటనే పట్టుకోలేకపోయాను. లేబుళ్లు అంటించాక తెలిసింది. యాక్సెషన్ రిజిస్టర్ ముందు పెట్టుకుని ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం సరిచూసుకోవడానికి మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరవలేదు.

మార్చ్1 అనే పేరున్న జన్యువును కూడా ఎక్సెల్ తేదీగా మార్చేస్తుండేది. ఆ బాధ పడలేక 2020లో శాస్త్రవేత్తల కమిటీ అలాంటి జన్యువుల పేర్లే మార్చింది. అంత పెద్దవాళ్లకే తప్పలేదు కాబట్టి దీన్ని మీ అజాగ్రత్త అనుకోకండి. అలవాటు మార్చుకోండి, చాలు.

డబుల్ క్లిక్‌లో ఇంకో మలుపు కూడా ఉంది. కాల్క్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు గీతల ఏలు, డిగ్రీ గుర్తులుగా కనిపిస్తుంది. అప్పటికి ఫైల్ బాగానే ఉంది, మూసేస్తే ఏ నష్టమూ లేదు. కానీ కొందరు భయపడి, నేను చెప్పింది గుర్తుచేసుకుని, సరిగ్గా "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అనే సేవ్ చేశారు. దాంతో ఆ పిచ్చి అక్షరాలే అసలు అక్షరాలుగా ఫైల్‌లో నమోదయ్యాయి. సరైన బటన్‌ను తప్పు సమయంలో నొక్కడమంటే ఇదే.

మరి ఫైల్ ఎలా చూడాలి? నోట్‌ప్యాడ్‌లో. ఫైల్ మీద రైట్ క్లిక్, ఓపెన్ విత్, నోట్‌ప్యాడ్. ఇప్పటి విండోస్‌లో అయితే కింద కుడివైపు యూటీఎఫ్-8 అని రాసి ఉంటుంది. ఐఎస్‌బీఎన్ 13 అంకెలూ కనిపిస్తాయి. ఎక్సెల్‌లోనే చూడాలంటే ఖాళీ షీట్ తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కండి. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 నంబరు యూనికోడ్ ఎంచుకుని, డేటా రకాలను గుర్తించవద్దు అనే ఆప్షన్ పెట్టండి. అంత శ్రమ ఎందుకు, నోట్‌ప్యాడ్ చాలు.

ఈ విషయం ఇంత సాగదీయడానికి కారణం ఉంది. ఐఎస్‌బీఎన్ పద్ధతి వచ్చింది 1970లో. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. అలాంటి పాత గ్రంథాలయాల్లో ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాలు అల్మారాల నిండా ఉంటాయి. అలాంటి పుస్తకాన్ని కేటలాగులో పట్టుకోవడానికి 245 ఫీల్డులో పేరు, 100 ఫీల్డులో రచయిత, యాక్సెషన్ నంబరు, ఇంతే ఆధారం. పేరు ప్రశ్నార్థకాలై, నంబరు తేదీ అయిపోతే ఆ పుస్తకం బీరువాలోనే ఉంటుంది, అడిగిన పాఠకుడికి మాత్రం లేదని చెబుతాం. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

ఐఎస్‌బీఎన్ లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. సున్నాలు పెట్టొద్దు, "లేదు" అని రాయొద్దు.

కోహాలోకి ఎక్కించేటప్పుడు మొత్తం ఒకేసారి వద్దు. ముందు ఐదు రికార్డులు. తేడా వస్తే కోహాలోని స్టేజ్డ్ రికార్డుల (ఎక్కించిన బ్యాచ్‌ల జాబితా) పేజీలో ఆ బ్యాచ్‌ను అన్‌డూ చేయొచ్చు. 50 రికార్డులను ఒక్కొక్కటిగా చెరిపినవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు అభ్యాసం. కాస్త కష్టమే, అయినా చేయండి. మీ గ్రంథాలయంలో ఐఎస్‌బీఎన్ లేని పాత తెలుగు పుస్తకాలు పది, ఉన్నవి పది తీయండి. టైప్ చేయకముందే ఐఎస్‌బీఎన్, యాక్సెషన్ కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చుకోండి. కొట్టాక యూటీఎఫ్-8 సీఎస్‌వీ చేసి, నోట్‌ప్యాడ్‌లో చూసి, మార్క్‌ఎడిట్ మీదుగా కోహాలోకి ఎక్కించండి.

ఎక్కించాక కోహా స్క్రీన్ మీద కనిపించే పది ఐఎస్‌బీఎన్‌లనూ చేత్తో లెక్కకట్టండి. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 3తో, మళ్లీ 1తో, 3తో, అలా చివరిదాకా గుణించి కూడాలి. మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. పైన ఇచ్చిన 9783161484100కి సరిగ్గా 100 వస్తుంది. ఎక్సెల్ చెడగొట్టిన 9780000000000కి 38 వస్తుంది, పట్టుబడిపోతుంది. పాత 10 అంకెల నంబర్లకు ఈ లెక్క కుదరదు, వాటిని పక్కన పెట్టండి.

చివరగా, మీ పుస్తకాల పేర్లలో "సాఫ్ట్‌వేర్" లాంటి మాట ఉంటే దాన్ని రెండు రకాలుగా కొట్టి కోహాలో వెతికి చూడండి: ట్ కింద వ వత్తు పడేలా ఒకసారి, పడకుండా ఒకసారి. రెండింటికీ ఒకే ఫలితం వచ్చిందో లేదో రాసి పంపండి. 650 మొదలుపెట్టేముందు నాకు ఆ జవాబులు కావాలి. ఈసారి స్క్రీన్ ఫొటోలు వద్దు, సీఎస్‌వీ ఫైలే పంపండి. పంపేముందు దాన్ని తెరవకండి.