పగడాల ట్యాంకుకి లైటు: వాట్లు చూసి కొనకండి

ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది లైటు ఎన్ని వాట్లు ఉండాలనే. ఏ పగడాలు పెడతారో చెప్పండి, లైటు సంగతి తర్వాత చూద్దాం అంటానండి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లకు కరెంటు ప్యానెళ్లు బిగించడం నా పని. అందుకని నా లెక్క ఎప్పుడూ కరెంటు బిల్లు, ఉప్పు గాలి, మే నెల ఎండ చుట్టూనే తిరుగుతుంది.

రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో ఉన్నాయి. విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లూ అంతే. ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనేయండి. మిగిలిన మెత్తటి పగడాల్లో మష్రూములు, జోవాంథిడ్లు, లెదర్ కోరల్ తేలిగ్గా బతుకుతాయి. వీటికి పెద్ద లైటు అక్కర్లేదు.

పగడం ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. అది వెలుగుతో తిండి తయారుచేసి పగడానికీ పెడుతుంది. ఆ నాచుకి పనికొచ్చే వెలుగుని పార్ అనే కొలతలో చెబుతారు. మష్రూములకు 50 దగ్గర ఉంటే చాలు. జోవాంథిడ్లు, లెదర్ కోరల్ 80 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. విదేశీ వీడియోల్లో కనిపించే భారీ లైట్లు 250కి పైన అడిగే కొమ్మల రాతి పగడాల కోసం. మనకి వాటితో పని లేదు.

డబ్బా మీద ల్యూమెన్లు చూడకండి. అది మన కంటికి కనిపించే వెలుగు లెక్క, అందులో పచ్చరంగుకే పెద్దపీట. నాచుకి ముఖ్యంగా కావలసింది నీలం. 450 నానోమీటర్ల దగ్గర రాయల్ బ్లూ ఎక్కువగా, తెలుపు కొంచెంగా, రెండూ విడివిడిగా తగ్గించుకునే వీలున్న ఎల్‌ఈడీ తీసుకోండి.

టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు వెలుగుని సమంగా పరుస్తాయి, కాదనను. కానీ 3 అడుగుల ట్యాంకు మీద 39 వాట్లవి నాలుగు పెడితే 156 వాట్లు. ఆ వేడిలో చాలా భాగం నీళ్ల మీదే పడుతుంది. పైగా ఏడాదికోసారి ట్యూబులు మార్చాలి. ఇంకా ఎక్కువ వేడెక్కే మెటల్ హాలైడ్ దీపాల గురించి మన ఊళ్లలో ఆలోచించనే వద్దు. పగడాలకు నీళ్లు 25, 26 డిగ్రీల్లో ఉండాలి, మనకి వేసవిలో గదే 35 దాటుతుంది. లైటు మీద మిగిలిన డబ్బు నీళ్లని చల్లబరిచే చిల్లర్‌కి పెట్టండి.

లైటు నీళ్లకి 8 నుంచి 10 అంగుళాల పైన వేలాడాలి. అంతకన్నా కిందికి దించితే ఉప్పు తుంపర లైటుని చల్లబరిచే ఫ్యాన్‌లోకి పోతుంది. చెరువు గట్టు మీద ప్యానెళ్లు ఎలా తుప్పుపడతాయో చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి రావాలి, అప్పుడు చుక్కలు సాకెట్‌లోకి పాకవు. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే ఆర్‌సీసీబీ లేకుండా మాత్రం స్విచ్ వేయొద్దు.

అంతర్వేది దగ్గర సముద్రంలో పగడపు దిబ్బలు ఎందుకుండవో తెలుసా? గోదావరి తెచ్చే మంచినీళ్లకి ఉప్పు తగ్గిపోతుంది, ఒండ్రుకి వెలుగు అడుక్కి దిగదు. మీ ట్యాంకు మీద గాజు మూత ఉంటే దాని మీద పేరుకునే ఉప్పు పొర కూడా వెలుగుని అలాగే తినేస్తుంది. వారం వారం తుడవండి.

కొత్తగా తెచ్చిన పగడాలకు లైటుని 40 శాతం వెలుగుతో మొదలుపెట్టి, వారానికి 5 శాతం చొప్పున పెంచండి. టైమర్ పెట్టి రోజుకి 8 నుంచి 10 గంటలు వెలిగిస్తే చాలు. పార్ మీటరు ఖరీదైనది, దొరక్కపోతే పగడాన్నే చూడండి. జోవాంథిడ్ కాడ పొడుగ్గా సాగుతుంటే వెలుగు చాలట్లేదు. మష్రూము ముడుచుకుని పాలిపోతుంటే ఎక్కువైంది.

కరెంటు పోతే టెన్షన్ పడి లైటుకి ఇన్వర్టర్ కలపకండి. ఒక పూట చీకటిగా ఉంటే పగడానికి ఏమీ కాదు. నీళ్లు తిరగడం ఆగితే మాత్రం ఆక్సిజన్ పడిపోతుంది, అందుకని ఇన్వర్టర్ లైను పంపుకి ఇవ్వండి.