మానా పోషన్ పచ్చగా మారుతోందా? పువ్వును కాదు, నీళ్లను అనుమానించండి

‘డయాబ్లో’ వీడియో గేమ్‌లో పోషన్లు, అంటే మంత్రపానీయాలు, సీసాల్లో దొరుకుతాయి: ఎర్ర సీసా ప్రాణానికి, నీలి సీసా మానాకు, అంటే మంత్రశక్తికి. 2011 నవంబరులో వచ్చిన ‘స్కైరిమ్’లో ఈ రెండింటికి తోడు స్టామినాకు, అంటే ఒంటి ఓపికకు, ఆకుపచ్చ సీసా కూడా ఉంది. ఆ నీలి సీసాను మద్యం చుక్క లేకుండా ఇంట్లో చేసుకోవడానికి శంఖుపూల కషాయం, పంచదార పాకం, నిమ్మరసం, సాదా గోలీ సోడా ఉంటే చాలు. నిమ్మరసం పడగానే నీలం ఊదాగా మారడమే ఈ పానీయానికి ప్రాణం. నల్గొండ చుట్టుపక్కల బంధువుల ఇళ్లలో, పిల్లల పుట్టినరోజులకు, స్నేహితులు రాత్రంతా ఆడుకునే రోజుల్లో దీన్ని లెక్కలేనన్ని సార్లు చేశాను. చెడిపోయిందని ఫోన్ చేసిన వాళ్లను “ఏ నీళ్లు పోశారు?” అని నేను మొదట అడుగుతాను, దాదాపు అందరూ ఆ ప్రశ్నను దాటవేసి పువ్వుల నాణ్యత గురించి చెప్పడం మొదలుపెడతారు.

కషాయం కాచడం, పాకం పట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. కొలత మాత్రం ఒకసారి చెబుతాను: 250 మి.లీ. వేడి నీటికి పది, పన్నెండు ఎండు పూలు, ఐదు నిమిషాల నానబెట్టడం సరిపోతాయి.

సమస్య: కషాయం నీలంగా కాకుండా పచ్చగా, పాచి పట్టిన చెరువు నీళ్లలా వస్తోంది

కారణం నీళ్లు. బోరు నీళ్లతో కాచినట్లయితే ఇక వేరే కారణం వెతకనవసరం లేదు.

శంఖుపువ్వులో ఉండే రంగు ఆంథోసయానిన్లు అనే సహజ రంగుల కుటుంబానికి చెందినది. అది నీటి పీహెచ్‌ను, అంటే పులుపు-క్షార గుణాల కొలతను బట్టి వేషం మారుస్తుంది: 7 దగ్గర శుద్ధ నీలంగా ఉంటుంది, పులుపు వైపు జరిగేకొద్దీ ఊదాగానూ, 3 కంటే దిగితే గులాబీగానూ మారుతుంది, 8 దాటి క్షారం వైపు వెళ్తే పచ్చబడుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్న సంగతి ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టడం వల్ల మన ఊరి పేరు ఆ రకంగా పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అయితే రంగును పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భజలాల్లో సాధారణంగా కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటుంది, నీటిని క్షారం వైపు లాగే ఆ బైకార్బొనేటే ఇక్కడ దొంగ.

ఈ దొంగ వెంటనే దొరకకపోవడానికి కారణం, చల్లని బోరు నీళ్లలో పూలు వేస్తే రంగు చాలావరకు నీలంగానే దిగడం. పొయ్యి మీద పెట్టి మరిగించినప్పుడు బైకార్బొనేట్ విరిగిపోయి, కార్బన్ డయాక్సైడ్ ఆవిరితో పాటు వెళ్లిపోయి, కార్బొనేట్ నీటిలో మిగులుతుంది, దానితో పీహెచ్ ఇంకా పైకి పోతుంది. మామూలుగా మనం రంగు బాగా దిగాలని ఇంకాసేపు మరిగిస్తాం, అంటే జబ్బును పెంచే మందునే మళ్లీ మళ్లీ వేస్తాం.

నేను దీనికి బలైన రోజు బాగా గుర్తుంది. మర్రిగూడ మండలంలో అమ్మమ్మ ఇంట్లో మేనల్లుడి పుట్టినరోజు. మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందే ఉన్నా, వంటింట్లో చేతికందిన ప్లాస్టిక్ డ్రమ్ములోంచి చెంబుతో ముంచి గిన్నెలో పోశాను. అందులో గిన్నెలు కడగడానికి నింపిన బోరు నీళ్లు ఉన్నాయని అడగాలన్న ఆలోచనే రాలేదు. మొదటి రెండు నిమిషాలు గిన్నె అంచున చక్కటి నీలం కనిపించింది. చాయ్ మరిగేంత సేపట్లో అది సీసా పచ్చగా తిరిగి, గిన్నె గోడకు తెల్లటి పొర అంటుకుంది. వాడు గ్లాసులోకి తొంగి చూసి “మామా, గిది పోషన్ గాదు, మోరి నీళ్లు గదా” అన్నాడు. నిజానికి వాడు ఆడే ఆట లెక్కన అది స్టామినా సీసా అవుతుంది గాని, ఆ వాదన పుట్టినరోజు పిల్లవాడి దగ్గర నిలబడదు.

నేను పువ్వులనే తిట్టుకున్నాను. ఆ తరువాత మరో రెండు దుకాణాల్లో ఎండు పూల పొట్లాలు కొన్నాను, పెరట్లో ఉదయం కోసిన తాజా పూలు వాడాను, రేకులను తొడిమల నుంచి వేరుచేసి కూడా చూశాను, ప్రతిసారీ అదే పచ్చదనం. చివరికి మిగిలిన పొట్లాన్ని మిర్యాలగూడలో అక్క ఇంటికి తీసుకువెళ్లి, అక్కడ కృష్ణా నీళ్లతో కాచినప్పుడు గ్లాసులో సిరా ఒలికినంత ముదురు నీలం వచ్చింది. పొట్లం అదే, చెయ్యి అదే, పూలూ అవే. మారినవి నీళ్లు మాత్రమే.

పరీక్ష చాలా సులువు, పీహెచ్ కాగితం కొననక్కరలేదు. రెండు గాజు గ్లాసులు తీసుకొని, ఒకదానిలో పది నిమిషాలు మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన మీ ఇంటి నీళ్లు, రెండోదానిలో ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లు పోసి, ఒక్కోదానిలో మూడు పూలు వేయండి. ఐదు నిమిషాల తరువాత తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది పచ్చబడి, రెండోది నీలంగా ఉంటే సమస్య తెలిసిపోయినట్లే. అలా పచ్చబడిన గ్లాసులో రెండు చుక్కల నిమ్మరసం వేస్తే నీలం తిరిగి వస్తుంది. కొందరు దీన్నే పరిష్కారం అనుకుంటారు, అది నాకు నచ్చదు. ఒక చుక్క తక్కువైతే పచ్చ, ఒక చుక్క ఎక్కువైతే ఊదా, పైగా రుచి ఉప్పుసోడా తాగినట్లు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మరిగించడం వల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ మరింత చిక్కబడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. మించకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు ఒప్పుకుంటారు, అందువల్ల ఆ నీళ్లను పిల్లల పానీయంలో పోయడమే తప్పు, రంగు సంగతి తరువాత. భగీరథ నల్లా నీళ్లు గాని, ఆర్వో నీళ్లు గాని తీసుకోండి, నీరు మరగగానే పొయ్యి కట్టేసి ఆ తరువాత పూలు వేయండి.

ఇంతటితో అయిపోయిందని మీరనుకుంటే, నేనూ అలాగే అనుకున్నాను. మరుసటి ఏడాది అదే ఇంట్లో క్యాన్ నీళ్లతో కాచిన కషాయం అద్భుతంగా వచ్చింది, పిల్లలందరి ముందు గ్లాసుల్లో పోశాను, పది నిమిషాల్లో ప్రతి గ్లాసులోనూ ఐసు ముక్కల చుట్టూ పచ్చటి వలయాలు కట్టడం మొదలైంది. ఫ్రిజ్‌లోని ట్రేలను ఎవరో ముందురోజు డ్రమ్ము నీళ్లతోనే నింపారు! ఐసు కూడా నీరే, కరుగుతూ కరుగుతూ తన బైకార్బొనేట్‌ను నెమ్మదిగా కషాయంలోకి వదులుతుంది, పైగా గ్లాసు చేతికి ఇచ్చేటప్పుడు అంతా బాగున్నట్లు కనిపించడం వల్ల ఎవరికీ అనుమానం రాదు. అప్పటి నుంచి నేను నీలి కషాయాన్నే ట్రేలలో పోసి గడ్డకట్టిస్తున్నాను. కరిగినా రంగు పలచబడదు, ఎవరు ఏ నీళ్లు పోశారో అడగనక్కరలేదు. ఐసు ఫ్యాక్టరీ దిమ్మెలను పగలగొట్టి గ్లాసులో వేసే ఆలోచన మాత్రం చేయకండి, అది చేపల పెట్టెలకు పనికొచ్చే ఐసు.

సమస్య: నిమ్మరసం పోసినా ఊదా రావడం లేదు

ఇదీ చాలాసార్లు పై కారణమే, ముఖం మాత్రం వేరు. నీటిలో బైకార్బొనేట్ నిండుగా ఉంటే మీరు పోసిన మొదటి చెంచా నిమ్మరసం రంగు దగ్గరకు చేరకుండానే దానిని చల్లార్చడంలో ఖర్చయిపోతుంది. దగ్గరగా చూస్తే, రసం పడినచోట సూదిమొనంత బుడగలు లేచి గ్లాసు గోడకు అంటుకోవడం కనిపిస్తుంది; సోడా కలపకుండానే బుడగలు వచ్చాయంటే నీళ్లే సాక్ష్యం చెబుతున్నట్లు. రెండు కాయలు పిండినా పులుపు తగలడం లేదని ఎవరైనా అంటే కూడా ఇదే అర్థం. నీళ్లు మార్చండి, నిమ్మకాయలను వృథా చేయకండి.

నీళ్లు బాగున్నా ఊదా రాకపోతే కషాయం మరీ చిక్కగా ఉండి ఉంటుంది. సగానికి సగం నీళ్లు కలిపి మళ్లీ చూడండి.

సమస్య: నిమ్మరసం పోయకముందే ఊదాగా మారిపోతోంది

పాకంలో చూడండి. పంచదార పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం పిండడం మనకు చేతి అలవాటు, లడ్డూల పాకం పట్టేవాళ్లకు మరీను. ఆ కొద్ది పులుపు చాలు, మంత్రం ముందే జరిగిపోతుంది. పంచదార, నీళ్లు సమపాళ్లలో కరిగించిన పలుచని పాకానికి నిమ్మరసం అవసరమే లేదు. తేనెలో సహజంగానే పులుపు గుణం ఉంది కాబట్టి అది కూడా నీలాన్ని కొంత ఊదా వైపు లాగుతుంది. బెల్లం ఆరోగ్యానికి మంచిదని వేసేవాళ్లు ఉన్నారు, వేస్తే ఆ గోధుమరంగు వల్ల గ్లాసు బురదగా కనిపిస్తుంది, కాబట్టి దాన్ని పానకానికి ఉంచుకోండి.

సోడా వల్ల కూడా ఇలా జరుగుతుంది. కరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు స్వల్పమైన పులుపు ఉండటం వల్ల సాదా గోలీ సోడా నీలాన్ని కొంచెం మార్చడం సహజం, నిమ్మ గోలీ సోడా అయితే పూర్తిగా మార్చేస్తుంది. నీలం ముందే మారిపోకూడదంటే సోడాను చివరన, నిమ్మరసంతో పాటే పోయండి. అలా చేస్తే బుస కూడా మిగులుతుంది.

సమస్య: పైన నీలం, కింద గులాబీగా పొరలు నిలవడం లేదు

తీపి ఉన్న ద్రవం బరువుగా ఉంటుంది, అది కింద ఉండాలి. నిమ్మరసాన్ని మొత్తం పాకంతో కలిపి గ్లాసు అడుగున పోసి, దానిపైన ఐసు నిండుగా వేసి, చక్కెర లేని చల్లటి కషాయాన్ని ఐసు మీదుగా సన్నటి ధారగా వదలాలి. రెండింటిలోనూ పాకం కలిపితే, లేదా కషాయం గోరువెచ్చగా ఉండగానే పోస్తే ఏ చెంచా వెనుక వైపు నుంచి పోసినా పొరలు నిలవవు.

సమస్య: పచ్చి చిక్కుడు వాసన వస్తోంది

శంఖుపువ్వు చిక్కుడు జాతి తీగదే, ఎక్కువసేపు నానబెడితే ఆ వాసన సహజంగా వస్తుంది. ఐదు నిమిషాలకు వడకట్టండి, వేడిగా ఉండగానే నలిపిన అల్లం ముక్క వేసి, చల్లారాక పుదీనా రెమ్మ వేయండి.

సమస్య: రెండో రోజుకు రంగు వెలిసిపోయింది

ఈ రంగుకు వెలుతురు, వేడి పడవు. కిటికీ పక్కన సీసాలు అందంగా వరుసగా పెట్టి ఫొటోలు తీసుకోవడం బాగానే ఉంటుంది, ఆ తరువాత వాటిని ఫ్రిజ్‌లోకి మార్చండి. నేను రెండు రోజులకు మించి ఉంచను, ముందుగా చేసుకోవాలంటే గడ్డకట్టిస్తాను.

సమస్య: తళుకు కోసం వేసిన మెరుపుల పొడి అడుగుకు చేరుతోంది

చేరుతుంది, దానికి పరిష్కారం లేదు, తాగేముందు కలపండి. అది తినదగినదని పొట్లం మీద రాసి ఉందో లేదో, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు ఉందో లేదో చూడండి, బొమ్మల అలంకరణకు అమ్మే పొడి వద్దు. నేనైతే నానబెట్టిన సబ్జా గింజలు వేస్తాను. నీలి ద్రవంలో తేలుతూ అవి కప్ప గుడ్లలా కనిపిస్తాయి, మంత్రగాడి దుకాణానికి అదే సరిపోతుంది.

ఇంకా మిగిలినవి అరుదు. తెల్ల శంఖుపూలు వేస్తే రంగు రాదు, అది మీకూ తెలుసు. ఇనుప మూకుడులో, తోమని రాగి గిన్నెలో కాస్తే రంగు మసకబారవచ్చు, స్టీలు గిన్నె వాడండి. గిన్నె తోమిన సబ్బు సరిగా కడగకపోయినా పచ్చదనం వస్తుంది గాని, ఇన్నేళ్లలో అది నాకు ఒక్కసారే ఎదురైంది, అప్పుడు కూడా ఆ గిన్నెను కడిగింది డ్రమ్ము నీళ్లతోనే.