ఆఖరి ఏడాది చూసుకుందాంలే అనుకోవద్దు: పిల్లలతో అమెరికా వచ్చిన శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులకు

మన దగ్గర ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ సీటుకి పదో తరగతి మార్కులు, ఇంజినీరింగ్‌కి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు. ఆ అలవాటుతోనే ఇక్కడ దిగగానే చాలామంది "ముందు పిల్లాడు కుదురుకోనీ, ఆఖరి ఏడాది గట్టిగా చదివిద్దాం" అంటారు. ఇక్కడ అది కుదరదు. హైస్కూలంటే 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు. పన్నెండో తరగతి మొదటి సగంలోనే దరఖాస్తులు వెళ్లిపోతాయి కాబట్టి కాలేజీల చేతికి అందేవి ఎక్కువగా అంతకుముందు గ్రేడ్లే.

అన్నిటికన్నా ముఖ్యం, స్కూల్లో చేర్చిన వారంలోనే, పిల్లల కోర్సులు చూసే కౌన్సెలర్‌ని కలవడం. సరైన కాగితాలు లేకపోతే మన పిల్లల్ని లెక్కల్లో కింది కోర్సులో వేసేయవచ్చు. ఆల్జీబ్రా, జామెట్రీ, మళ్లీ ఆల్జీబ్రా, ప్రీకాల్క్యులస్... ఇలా ఒకదాని తర్వాత ఒకటి చదవాలి. కింద మొదలుపెడితే పన్నెండుకి కాల్క్యులస్ అందదు, ఇంజినీరింగ్ కోరేవాళ్లకి అది పెద్ద లోటు. అందుకే ఊరు వదిలే ముందే పాత మార్కుల జాబితాలు స్కూలు ముద్రతో తెచ్చుకోండి. అయినా కింద వేస్తే, ఏ కోర్సుకి సరిపోతాడో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు, అడగడం ఇక్కడ తప్పు కాదు.

'A' గ్రేడుకి 4, 'B'కి 3 చొప్పున తీసే సగటే జీపీఏ. కానీ తేలిక కోర్సుల్లో వచ్చిన నాలుగుకి పెద్ద విలువ లేదు. మీ స్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి) కోర్సులుంటే, వాటిలో ఎన్ని తీసుకున్నాడో కూడా చూస్తారు. అలాగని ఒకే ఏడాది ఆరు నెత్తిన వేయకండి, నిద్ర ఉండదు.

కాలేజీ ప్రవేశాలకు రాసే 1600 మార్కుల పరీక్ష శాట్ విషయం కాలేజీని బట్టి మారుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రవేశాలకు ఆ స్కోరు చూడనే చూడదు. ఎంఐటీ మాత్రం 2022లో శాట్ లేదా అలాంటిదే మరో పరీక్ష ఏసీటీ తప్పనిసరి అని మళ్లీ పెట్టింది.

పైడితల్లి సిరిమానోత్సవానికి పిల్లల్ని తీసుకెళ్లాలని ఎవరికుండదు! కానీ అది సెమిస్టర్ నడిమధ్యలో పడుతుంది. వెళ్లాలనుకుంటే తప్పిపోయే పరీక్షల గురించి టీచర్లతో ముందే మాట్లాడండి.

సీటొచ్చాక కూడా పన్నెండో తరగతి తుది గ్రేడ్లు కాలేజీకి పంపాలి. అవి బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు.