క్రాపీ పడడం లేదా? ఎర మార్చే ముందు లోతు మార్చండి

డాలస్ చుట్టుపక్కల లేక్‌ల దగ్గర గాలం వేసే మన తెలుగువాళ్లు కలిస్తే మొదట వచ్చే మాట ఒకటే: "నిన్న బాగా పడ్డాయి, ఇవాళ ఒక్కటీ లేదు." వెంటనే ఎర మారుస్తారు, రంగు మారుస్తారు. నేను చూసినంతలో చాలాసార్లు తేడా ఎరలో ఉండదు, లోతులో ఉంటుంది. క్రాపీ పైకి చూసి తినే చేప. ఎర దాని తలకు అడుగు ఎత్తున ఉంటే వచ్చి అందుకుంటుంది, కడుపు కిందికి పోతే దాదాపు పట్టించుకోదు. అందుకే సందేహం వచ్చినప్పుడల్లా ఎరను కాస్త పైకే ఉంచండి.

వసంతంలో గట్టున ఉన్న చేపలు రాత్రికి రాత్రి మాయం

మార్చి, ఏప్రిల్‌లో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక క్రాపీలు గుడ్లు పెట్టడానికి తక్కువ లోతుకు వస్తాయి. ఇంతలో ఉత్తరం నుంచి చలిగాలి దిగిందంటే వెనక్కి జరుగుతాయి. అయితే దూరం పోవు, దగ్గర్లో లోతు మొదలయ్యే అంచునే ఆగుతాయి. బెండును దారం మీద పైకి జరిపి ఎరను 8, 10 అడుగులకు దించండి. జిగ్, అంటే సీసపు తల ఉన్న చిన్న గాలం, ఔన్సులో 32వ వంతుది వాడండి.

పడేవన్నీ నల్లటి మగచేపలే అయితే అవి గూడు కాస్తున్నాయన్నమాట. ఆడచేపలు మాత్రం లోతు మొదలయ్యే ఆ అంచునే ఉంటాయి.

ఎండాకాలంలో అడుగున ఎర వేస్తే ఉలుకూ పలుకూ లేదు

వేడికి లేక్ నీరు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు. ఆ కింది పొరలో ఆక్సిజన్ అయిపోతుంది కాబట్టి చేప అక్కడ ఉండలేదు. సోనార్, అంటే నీటి లోపల ఏముందో తెర మీద చూపే పరికరం ఉంటే ఆ హద్దు సన్నని గీతలా కనిపిస్తుంది. లేకపోతే బతికున్న చిన్న ఎరచేపను దించి కాసేపాగి తీయండి. చచ్చి వస్తే మీరు హద్దు దాటి కిందికి వెళ్లారని అర్థం. అక్కడి నుంచి రెండేసి అడుగులు పైకి తెస్తూ వెతకండి.

పగలు ఎండకు తట్టుకోలేకపోతే రాత్రి వంతెన కింద లైటు దించి కూర్చోండి. వెలుగుకు పురుగులు, పురుగులకు చిన్న చేపలు, వాటికోసం క్రాపీలు వస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేట ఇదే.

ఆకురాలు కాలంలో ఎక్కడా గుంపు దొరకదు

షాడ్ అనే చిన్న చేపలు వాగులు లేక్‌లో కలిసే పాయల్లోకి వెళ్తాయి, క్రాపీలు వాటి వెంటే పోతాయి. మీరూ అటే కదలండి.

చలికాలంలో బెండు మునగదు, పక్కకు వాలి పడుకుంటుంది

గాలికి వాలిందనుకుని చాలామంది వదిలేస్తారు. నిజానికి చేప కింద నుంచి వచ్చి, ఎరను నోట పట్టుకుని ఇంకా పైకి లేచింది. కిందికి లాగే బరువు పోయేసరికి బెండు పడుకుంది. బెండు లేకుండా వేస్తే దారం ఉన్నట్టుండి వదులవుతుంది. ఆ వదులే కాటు. వెంటనే రాడ్ ఎత్తండి. ఈ కాలంలో ఎరను ఆడించకండి. మునిగిన చెట్ల పక్కన, 20 అడుగుల దగ్గర, కదలకుండా నిలపండి. చేతిలో ఉండే చిన్న వణుకే చాలు.

నీటి పైదాకా వచ్చి తప్పించుకుంటోంది

దీని పెదవి కాగితంలా పలచన. గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. మెత్తటి రాడ్, 6 పౌండ్ల దారం వాడండి. రీలు బిగింపు కాస్త వదిలి, గుంజకుండా ఎత్తండి. చివర్లో వల పెట్టి తీయండి. కొమ్మలకు చిక్కుకునే చోట సన్నని తీగ గాలం వాడితే, నిదానంగా లాగినప్పుడు గాలమే వంగి బయటికి వస్తుంది.

వదిలిన చేప వెల్లకిలా తేలుతోంది

బాగా లోతు నుంచి వేగంగా పైకి తెచ్చినప్పుడు దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బుతుంది, మళ్లీ కిందికి దిగలేదు. టెక్సాస్‌లో సాధారణ నియమం ప్రకారం 10 అంగుళాలకు తగ్గని చేపలనే, రోజుకు 25 దాకా ఉంచుకోవచ్చు. కానీ లేక్ ఫోర్క్‌లో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా కొలత లేదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాల్సిందే. వదిలినా బతకవనే ఆ నియమం పెట్టారు. మిగతా చోట్ల కూడా చలికాలంలో పెద్దవి ఏరుకోవాలని లోతులో చేపలు పట్టి వదులుతూ కూర్చోకండి. వేపుడుకు సరిపడా పడగానే గాలం చుట్టేయండి.