లక్షల వాచీ కొనేవాళ్లకు ఒక మాట
బంజారాహిల్స్ షోరూములో లక్షలు పోసి వాచీ కొంటూ ‘ఇది ఇన్వెస్ట్‌మెంటే కదా’ అని ఇంట్లోవాళ్లకు చెప్పకండి. 2022 మొదట్లో ఆకాశానికెక్కిన రోలెక్స్ డేటోనా, పటెక్ నాటిలస్ వాచీల సెకండ్‌హ్యాండ్ ధరలు ఆ ఏడాదే బాగా దిగొచ్చాయి, ఇక చాలా బ్రాండ్లకైతే షోరూము గడప దాటగానే రేటు పడిపోతుంది. చేతికి పెట్టుకుని మురిసిపోవడానికే కొనండి. అయినా రేపు అమ్మాల్సొస్తే పనికొస్తాయి కాబట్టి డబ్బా, వారంటీ కార్డు, బిల్లు, సర్వీసు రసీదులు, బ్రేస్‌లెట్ నుంచి తీసిన లింకులు కూడా జాగ్రత్తగా దాచండి. సర్వీసుకిచ్చేటప్పుడు ‘పాలిష్ వద్దు’ అని తప్పకుండా రాయించండి, పాలిష్ కొడితే వాచీ కేసు (బయటి లోహపు గూడు) అంచులు అరుగుతాయి, అలాంటిదానికి వాచీలు సేకరించేవాళ్లు తక్కువే ఇస్తారు. గీతలు ఉంటే ఉండనీయండి! 10 లక్షలు దాటిన వాచీకి 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మన దగ్గర వసూలు చేసి సర్కారుకు కట్టే పన్ను) కూడా పడుతోంది, దాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించుకోవడం మర్చిపోకండి.