బ్యాంకు వేలంలో చవగ్గా ఇల్లు కొనాలంటే ఏమేం చూసుకోవాలి?

మార్కెట్లో 60 లక్షలు పలికే ఫ్లాటు 40 లక్షలకే వేలానికి వచ్చిందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అప్పు కట్టలేనివాళ్లు తాకట్టు పెట్టిన ఇళ్లను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇలా అమ్ముతాయి. ధర తగ్గిందంటే బ్యాంకు దయ తలచిందని కాదు. ఆ ఇంటి తలనొప్పులన్నీ కొన్నవాడివే అని అర్థం. ప్రకటనలో 'ఎక్కడ ఎలా ఉంటే అలాగే' అని రాసేది అందుకే.

1. ముందు స్వాధీనం సంగతి చూడండి

ధర తర్వాత. 'భౌతిక స్వాధీనం' అని ఉంటే తాళం బ్యాంకు చేతిలో ఉన్నట్టు. 'సింబాలిక్' అని ఉంటే నోటీసు తలుపుకు అంటించి వచ్చారంతే, లోపల పాత యజమానో, అద్దెవాళ్లో ఉండే ఉంటారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు కలెక్టరు దగ్గరో, మేజిస్ట్రేటు దగ్గరో ఉత్తర్వు తెచ్చుకోవాలి. దానికి నెలలు పట్టొచ్చు. పైగా ఇలాంటి ఇంటికి లోన్ ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. అద్దె కడుతూ సొంతింటికి చూసుకునేవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

2. ఇంటికి రెండుసార్లు వెళ్లండి

బ్యాంకువాళ్లు చూపించే రోజు ఒకసారి, ఎవరికీ చెప్పకుండా ఒక సాయంత్రం ఇంకోసారి. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయా, కరెంటు మీటరు తిరుగుతోందా గమనించండి. వాచ్‌మన్‌ని కదిపితే సగం కథ చెబుతాడు. మిగతా సగం, అంటే మెయింటెనెన్స్ బకాయి, అసోసియేషన్ సెక్రటరీ చెబుతారు. ఆస్తి పన్ను, కరెంటు బకాయిలు కూడా అడగండి. కరెంటు సంస్థ నిబంధనల్లో ఉంటే పాత యజమాని కరెంటు బాకీని వేలంలో కొన్నవాళ్ల దగ్గర వసూలు చేయొచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

3. కాగితాలు

'బ్యాంకు లోనిచ్చింది కదా, అంతా క్లియరే' అనుకోవద్దు. ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్టుల వివరాల పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) లాయరుకు చూపించండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో చూడండి. హైదరాబాద్‌లో అయితే చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ కట్టడాలు కూడని మేర) సంగతి తప్పనిసరి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్లాన్‌లో లేని అంతస్తులో ఫ్లాటు ఎంత చవకైనా వద్దు.

కేసులు ఈసీలో కనిపించకపోవచ్చు. బ్యాంకు చర్యపై అప్పు తీసుకున్నవాళ్లు 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అక్కడ వాళ్లు గెలిస్తే వేలమే రద్దు కావచ్చు. అందుకని పెండింగు కేసుల గురించి బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

4. డబ్బు చేతిలో ఉంటేనే పాట పాడండి

రిజర్వు ధర (పాట మొదలయ్యే కనీస ధర) 40 లక్షలైతే ధరావతు (పాటకు ముందే కట్టే డిపాజిట్) సాధారణంగా 10 శాతం, అంటే 4 లక్షలు. మీరు 44 లక్షలకు పాడారనుకోండి. ధరావతుతో కలిపి 25 శాతం, అంటే 11 లక్షలు ఆ రోజో, మర్నాటి పనిదినానికో కట్టాలి. అంటే రాత్రికి రాత్రి ఇంకో 7 లక్షలు. మిగతా 33 లక్షలకు అమ్మకం ఖాయమయ్యాక 15 రోజులు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా. కట్టలేకపోతే ఆ 11 లక్షలూ పోయినట్టే.

5. ఆఖరున

బ్యాంకు ఇచ్చే సేల్ సర్టిఫికెట్ మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మీవే. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ఆదాయ పన్ను) కూడా మీరే ధరలోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. బకాయిలు, రిపేర్లు కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈ లెక్కంతా కాగితం మీద వేసుకుని, ఎంత దాటితే పాట ఆపేయాలో ముందే రాసి పెట్టుకోండి.